పేరులేని దేశంలో కాదు

ఈమధ్య ఒక కథల పోటీకి వచ్చిన కథల్ని మొదటి విడత వడకట్టే పని నా మీద పడింది. నూటికి పైగా కథలు చదివాను. వాటిలో మూడు కథలు, ఒకరినొకరు ఎరగని ముగ్గురు రాసినవి, దాదాపు ఒకే దృశ్యం చెప్పాయి. ఒక దేశం, దానికి పేరుండదు. ఊళ్లోకి పరాయి సైన్యం వస్తుంది. మగవాళ్లను ఇళ్లలోంచి బయటికి రప్పించి, వరసగా నిలబెట్టి కాల్చేస్తుంది. ఆడవాళ్లు బావిలో దూకుతారు, కొందరికి దూకే వ్యవధి కూడా దొరకదు. చివర ఒక పసిబిడ్డ ఏడుపు. మూడు కథలూ పోటీ పెట్టినవాళ్లకు బాగా నచ్చాయి. "ఏ దేశానికైనా సరిపోతుంది చూడండి, అదీ ఇందులో గొప్ప" అన్నారు వాళ్లలో ఒక పెద్దాయన.

ఏ దేశానికైనా సరిపోయేది మన దేశానికి సరిపోదా అన్నాను. "మన దగ్గర అలాంటివి ఎక్కడ జరిగాయమ్మా?" అన్నారాయన. ఎకసెక్కంగా అన్న మాట కాదు. ఆయన తెలుగు ఎం.ఏ. చదివి, జీవితమంతా తెలుగు పాఠం చెప్పిన మనిషి. నిజంగానే తెలియదు. ఆయనకు తెలియకపోవడానికి ఎవరెవరు ఎంతెంత కష్టపడ్డారో, అందులో మన సాహిత్య విమర్శ వాటా ఎంతో, ముఖ్యంగా స్త్రీవాదులమని చెప్పుకునే మన వాటా ఎంతో తేల్చుకోవాలనే ఇది రాస్తున్నాను.

జరిగిందేమిటో ముందు చెప్తాను. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి నడిచింది. 17న నిజాం లొంగిపోయాడు. సైన్యం తన కాగితాల్లో ఆ దాడికి పెట్టుకున్న పేరు ఆపరేషన్ పోలో. జనానికి చెప్పిన పేరు పోలీసు చర్య. ట్యాంకులూ యుద్ధవిమానాలూ పాల్గొన్న దాడిలో పోలీసులు ఎక్కడున్నారని మనం ఎన్నడూ అడగలేదు. ఆ ఆగస్టులోనే నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసి ఉంది. యుద్ధమంటే రెండు రాజ్యాల వ్యవహారం అవుతుంది, పోలీసులు వెళ్లారంటే ఇంటి గొడవ అవుతుంది. ఆ అవసరం కోసం పుట్టిన మాట అది. డెబ్బై ఏడేళ్లు దాటినా మన పాఠ్యపుస్తకాల్లో, నవలల్లో, ఆత్మకథల్లో అదే మాట. భాషను పట్టి పట్టి చదవడం నేర్చుకున్నవాళ్లం మనం. ‘శీలం’ అనే మాటను, ‘ఇల్లాలు’ అనే మాటను విప్పి లోపల ఏముందో చూపించినవాళ్లం. ఈ మాట జోలికి మాత్రం పోలేదు.

దాడి ముగిశాక సంస్థానం లోపలి నుంచి భయంకరమైన వార్తలు రావడంతో నెహ్రూ ముగ్గురిని పంపించాడు. పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ. వాళ్లు నవంబరు 29 నుంచి డిసెంబరు 21 దాకా తిరిగారు. సంస్థానంలోని 16 జిల్లాల్లో 9 చూశారు. తాము వెళ్లలేని మరో 109 ఊళ్ల నుంచి వచ్చిన అయిదు వందల మందికి పైగా మనుషులతో మాట్లాడారు. తక్కువలో తక్కువగా వేసుకున్నా సైన్యం వచ్చినప్పుడూ, వచ్చిన తర్వాతా చనిపోయినవాళ్లు 27,000 నుంచి 40,000 మంది ఉంటారని రాశారు. చనిపోయినవాళ్లు దాదాపుగా ముస్లింలు, అదీ పల్లెల్లో పదిళ్లో ఇరవై ఇళ్లో ఉండి దిక్కులేకుండా పోయినవాళ్లు. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాల్లోనే 18,000కు తక్కువ ఉండరన్నారు. లాతూరులో చంపకం ఇరవై రోజులకు పైగా సాగింది. అక్కడ పదివేల దాకా ఉండిన ముస్లింలలో కమిటీ వెళ్లేనాటికి మిగిలింది మూడు వేల మంది. వెయ్యిమందికి పైగా చచ్చిపోయారు, మిగతావాళ్లు పారిపోయారు.

ఇవన్నీ మరాఠీ, కన్నడ జిల్లాలు కదా, మనకేమిటి అనేవాళ్లు ఉంటారు. అదే నివేదికలో తర్వాతి వరసలో ఔరంగాబాదు, బీడ్ జిల్లాల పక్కన మెదక్, నల్లగొండ ఉన్నాయి. ఆ నాలుగు జిల్లాల్లో కలిపి కనీసం 5,000 మంది. మెదక్, నల్లగొండ తెలుగు నేల కాదని అనలేం.

చంపింది ఎవరు? చాలాచోట్ల ఊరి జనం, సరిహద్దులు దాటి ఆయుధాలతో వచ్చిన ముఠాలు. సైన్యం ఏం చేసిందన్నది మాత్రం నివేదిక మెత్తగా చెప్పలేదు. చాలా చోట్ల సైనికులు లూటీని ప్రోత్సహించారు, కొన్ని చోట్ల జనాన్ని బలవంతపెట్టి మరీ చేయించారు. ఇంకా అనేక చోట్ల సైన్యానికి చెందినవాళ్లే ఊళ్లలోని, పట్టణాల్లోని పెద్దవయసు ముస్లిం మగవాళ్లను బయటికి తెచ్చి చంపేశారు. సైనికులు ముస్లింలను కాపాడిన చోట్లనూ, పక్కింటి హిందువులు తమ ప్రాణాలకు తెగించి అడ్డం నిలబడిన చోట్లనూ కమిటీ అంతే శ్రద్ధగా రాసింది. కాబట్టి అది ఒక పక్షం రాసుకున్న కాగితమని కొట్టేయడం కుదరదు. పైగా రాసినవాళ్లు నిజాంకు గాని, రజాకార్లకు గాని చుట్టాలు కారు. సుందర్‌లాల్ గాంధీ మనిషి.

ఆ కమిటీ సభ్యులు బావుల దగ్గరికి కూడా వెళ్లారు. శవాలు ఇంకా కుళ్లుతున్న బావులు. ఒక బావిలో పదకొండు లెక్కపెట్టారు. అందులో ఒక తల్లి, ఆమె రొమ్ముకు అతుక్కుని ఉన్న పసిబిడ్డ.

ఇప్పుడు చెప్పండి, పేరులేని దేశం ఎందుకు కావలసి వచ్చింది?

పటేల్ ఆ నివేదికను ఒప్పుకోలేదు. అచ్చు వేయలేదు, పార్లమెంటు ముందు పెట్టలేదు. 2013లో గాని ఢిల్లీలో అప్పటి నెహ్రూ మ్యూజియం లైబ్రరీలో చదువుకోను దొరకలేదు. అదే ఏడు ఎ.జి. నూరానీ తన పుస్తకంలో వేశారు. అరవై అయిదేళ్లు. ప్రభుత్వం దాచిందని మనం ప్రభుత్వాన్ని తిట్టి చేతులు దులుపుకోవచ్చు. కాని లాతూరు నుంచి పారిపోయిన వేలమందిని ప్రభుత్వం ఏ బీరువాలోనూ దాచలేదు. వాళ్లు హైదరాబాదులో, గుంటూరులో, మద్రాసులో, ఎక్కడెక్కడో మన మధ్యనే బతికారు. వాళ్ల ఆడవాళ్లు బీడీలు చుట్టారు, మిషను కుట్టారు, మన ఇళ్లలో పనిచేశారు. మనం అడగలేదు, అంతే.

అడగకపోవడానికి ఒక సమాధానం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ముందు రజాకార్లు చేశారు కదా. చేశారు. అందులో నాకు ఏ సందేహమూ లేదు. 1948 ఆగస్టు 27న భైరానుపల్లిలో రజాకార్లూ నిజాం పోలీసులూ కలిసి ఊరి జనాన్ని నిలబెట్టి కాల్చారు. ఆ బురుజు ఇప్పటికీ ఉంది. ఆ ఊళ్లో ఆడవాళ్ల మీద ఏం జరిగిందో ఆ ఊరివాళ్లు మూడు తరాలుగా చెప్తూనే ఉన్నారు, చెప్పాలి కూడా. ఖాసిం రజ్వీని తప్పుపట్టడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. కాని ఈ ‘ముందు వాళ్లు చేశారు’ అనే వాక్యాన్ని ఒకసారి వ్యాకరణం దృష్టితో చూడండి. ‘వాళ్లు’ అంటే ఎవరు? భైరానుపల్లిలో కాల్చిన రజాకారు, బావిలో బిడ్డతో ఉన్న ఆ తల్లి ఒకే సర్వనామంలోకి ఎలా వచ్చారు? మన ఇంట్లో ఒక మగాడు తప్పుచేస్తే ఆ ఇంటి ఆడదాన్ని శిక్షించే పద్ధతికి ఎదురు తిరగబట్టే కదా మనకు ఉద్యమం అన్నది ఒకటి ఉంది.

ఇంకో సంగతి. రజ్వీ మీద విచారణ జరిగింది, జైలు పడింది. 1957లో విడుదలై పాకిస్తాను వెళ్లి, 1970లో అక్కడ తన మంచం మీద చచ్చిపోయాడు. ఆయన చేసిన పనులకు బాకీ తీర్చినవాళ్లు ఉస్మానాబాదు జిల్లా నేతగాళ్లు, బీదరు జిల్లా కూలీలు.

2024 మార్చిలో ‘రజాకార్’ అనే తెలుగు సినిమా వచ్చింది. దాని ఉపశీర్షికలో నిశ్శబ్ద మారణహోమం అన్న అర్థం ఉంది. హాలు నిండా జనం. నా వెనక సీట్లలో కుర్రాళ్లు తెర మీద ఆడవాళ్ల మీద దౌర్జన్యం జరుగుతున్నంతసేపూ నిశ్శబ్దంగా ఉన్నారు, సైన్యం రాగానే లేచి అరిచారు. ఆ కుర్రాళ్లను నేనేమీ అనను. సినిమా వాళ్లకు ఒక లెక్క చెప్పింది: ఆడది ఏడ్చింది, మగాడు వచ్చాడు, బాకీ తీరింది. మన పురాణాల దగ్గర్నుంచి మన బ్లాక్‌బస్టర్ల దాకా ఉన్న లెక్కే ఇది. ఏడ్చిన ఆడదానికి ఏం కావాలో ఈ లెక్కలో ఎవరూ అడగరు. బాకీ తీర్చేటప్పుడు అవతల ఏడ్చిన ఆడది తెర మీదికే రాదు. ఈ లెక్కను విప్పి చూపించడానికే స్త్రీవాద విమర్శ పుట్టింది. సినిమా విడుదలైనప్పుడు చరిత్రకారులు తప్పుల పట్టికలు రాశారు, పార్టీలు ప్రకటనలిచ్చాయి. తెలుగులో స్త్రీవాదుల వైపు నుంచి నేను వెతికిన చోట గట్టిగా వినిపించిన గొంతు ఒకటి రెండు కూడా లేవు.

సెప్టెంబరు 17 వస్తుందంటే పేర్ల పోటీ మొదలవుతుంది. విమోచనం, విలీనం, విద్రోహం. 2022లో కేంద్ర ప్రభుత్వం సికింద్రాబాదు పరేడ్ గ్రౌండ్స్‌లో విమోచన దినం జరిపితే, రాష్ట్ర ప్రభుత్వం అదేరోజు జాతీయ సమైక్యత అంది. 2024లో కొత్త ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అంది. ఇన్ని పేర్లలో ఒక్కటీ ఆ బావుల వైపు చూడదు. విద్రోహమన్నవాళ్లకు కూడా ప్రధానంగా గుర్తొచ్చేది కమ్యూనిస్టుల మీద జరిగిన దాడి. అది నిజమే. నిజాం లొంగిపోయాక సైన్యం వెనక్కి పోలేదు, 1951 అక్టోబరులో సాయుధ పోరాటం విరమించేదాకా తెలంగాణ పల్లెల్లోనే ఉంది. ఆ పోరాటంలో నాలుగువేల మంది చనిపోయారని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. ఆ చావులకు స్తూపాలున్నాయి, పాటలున్నాయి, నవలలున్నాయి. ఉండాల్సిందే. అదే సైన్యం, అదే నెలల్లో, అదే నల్లగొండ జిల్లాలో. ఒక శవానికి స్తూపం, ఇంకో శవానికి బావి.

మన వాటా దగ్గరికి వస్తాను. 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది. చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం మొదలుకొని ఎందరో ఆడవాళ్లు తెలంగాణ పోరాటంలో తామేం చేశారో, పార్టీ తమకేం చేసిందో తమ నోటితో చెప్పారు. జమాలున్నీసా బేగం, రజియా బేగం గొంతులు కూడా అందులో ఉన్నాయి. నేను పరిశోధనలోకి వచ్చిందే ఆ పుస్తకం చదివి. పార్టీ చరిత్ర చెప్పని దాన్ని ఆడవాళ్లను అడిగి తెలుసుకోవచ్చని ఈ దేశంలో మొదట చూపించినవాళ్లలో మన తెలుగు ఆడవాళ్లున్నారు. అందుకే నా గొడవ ఎక్కువ. పద్ధతి మన చేతిలో ఉంది. ఉత్తరాదిన ఊర్వశీ బుటాలియా, రీతూ మీనన్, కమలా భాసిన్ విభజన నాటి ఆడవాళ్ల దగ్గరికి వెళ్లారు. ఎత్తుకుపోయిన స్త్రీల గురించి, వాళ్లను ‘వెనక్కి తెచ్చే’ పేరుతో రాజ్యం చేసిన దాని గురించి రాశారు. ఆ పుస్తకాలు మనం సెమినార్లలో ఎన్నిసార్లు తలుచుకున్నామో లెక్కలేదు. కాని అమృతసర్ దగ్గర మొదలైన మన జాలి నర్మద దాటి కిందికి రాలేదు.

సుందర్‌లాల్ నివేదికలో ఎత్తుకుపోయిన ఆడవాళ్ల ప్రస్తావన స్పష్టంగా ఉంది. కొందరిని సంస్థానం దాటించి షోలాపూరుకూ నాగపూరుకూ తీసుకుపోయారని కూడా రాశారు. చదివేటప్పుడు ఆ రెండు ఊళ్ల పేర్ల దగ్గర నేను ఆగిపోయాను. ఊరి పేరు ఉందంటే దారి ఉంది, బండి ఉంది, రైలు ఉంది, టిక్కెట్టు కొన్నవాడున్నాడు. ఆవేశంలో జరిగిందనే మాట అక్కడ చెల్లదు. 1949లో రాజ్యాంగ సభ అపహరణకు గురైనవారిని తిరిగి తెచ్చే చట్టం చేసింది. తూర్పు పంజాబు, ఢిల్లీ, సంయుక్త రాష్ట్రాలు, పెప్సూ, రాజస్థాన్‌లకు వర్తించింది. హైదరాబాదు అందులో లేదు. పంజాబు చట్టం ఆడవాళ్లకు ఎంత మేలు చేసిందన్నది వేరే చర్చ, ఆ ముగ్గురూ ఆ చట్టాన్ని చీల్చి చెండాడారు. కాని లాతూరు ఆడదానికి ఆ చెడ్డ చట్టం కూడా దక్కలేదు. ఎక్కడ చదివినా కనబడే అంకె చచ్చిపోయినవాళ్లది. నాగపూరులో ఎవరింట్లోనో ఇంకో పేరుతో బతికిన ఆడది ఆ నలభైవేలలో లేదు. మాట్లాడవలసింది ఆవిడ, అడగవలసింది మనం. వెళ్లిన ముగ్గురూ మగవాళ్లు. ఊరి పెద్దల నోట విన్నారు, రాశారు. తర్వాత డెబ్బై ఏళ్లలో ఆడవాళ్లు వెళ్లి అడిగే వీలు మనకుంది.

సాహిత్యం సంగతి. నా పరిశోధన కోసం తెలంగాణ పోరాటం మీద వచ్చిన నవలలు దొరికినన్ని చదివాను. వాటిలో ముస్లిం స్త్రీ దొర గడీలోనో, నవాబు జనానాలోనో, కామ్రేడు ఇంట్లోనో కనబడుతుంది. సైన్యం రంగంలోకి దిగే పేజీ దాటాక ఆమె చాలా నవలల్లో లేదు. నెల్లూరి కేశవస్వామి ‘చార్మినార్’ కథల్లో నగరంలోని ముస్లిం ఇళ్ల గుండె దడ వినిపిస్తుంది. ఉర్దూలో జీలానీ బానో ‘ఐవానె గజల్’ రాశారు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’, 1998లో ‘జల్‌జలా’, 2004లో ‘వతన్’, షాజహానా ‘నఖాబ్’ వచ్చాక తెలుగు సాహిత్యం ముస్లిం గొంతు వినక తప్పలేదు. అఫ్సర్ 2023లో పోలీసు చర్య, హైదరాబాదు ముస్లింల జ్ఞాపకాల మీద ఇంగ్లీషులో పుస్తకం తెచ్చారు. గమనించండి, ఈ పని చేసినవాళ్లలో ఎక్కువమంది ముస్లింలే. దళిత స్త్రీ గురించి దళిత స్త్రీయే రాయాలన్న వాదాన్ని మనం గౌరవించాం, సరే. కాని దాని అర్థం మిగిలినవాళ్లందరికీ సెలవు అని కాదు. చంపినవాళ్ల ఇళ్లలో పుట్టినవాళ్లు రాయవలసినవి వేరే ఉంటాయి. ఆ రోజు ఇంటికి వచ్చిన కొత్త బిందె ఎక్కడిదని మా అవ్వలు అడిగారా లేదా? అది హిందూ స్త్రీ మాత్రమే రాయగలిగిన కథ.

ఒక సదస్సులో ఈ మాటలే పత్రంగా చదివితే, చర్చలో మొదటి ప్రశ్న: "మీది కడప జిల్లా కదా, మీకెందుకివన్నీ?" హాల్లో నవ్వులు. మాది తుమ్మలపల్లె. ఈ ఊరి పేరు చెబితే ఇప్పుడంతా యురేనియం గని గురించీ బోరునీళ్ల గురించీ అడుగుతారు, అది ఇంకో పెద్ద వ్యాసం. కాని ఆ ప్రశ్నకు జవాబు మా ప్రాంతం పాతపేరులోనే ఉంది. మమ్మల్ని దత్తమండలాలు అనేవారు. రాయలసీమ అన్న పేరు 1928లో నంద్యాల సభలో వచ్చింది. అంతకుముందు మేము ఇచ్చేసిన జిల్లాలం. ఎవరు ఎవరికి ఎందుకిచ్చారు? 1800లో నిజాం తన రక్షణకు పెట్టుకున్న కంపెనీ సైన్యం ఖర్చుకింద బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలులో చాలా భాగం ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చాడు. అంటే మా తాతముత్తాతల పొలాలు సిపాయి జీతం. సైన్యం గురించి మాట్లాడే హక్కు మాకు లేకపోతే ఇంకెవరికుంది?

ఆ మరుసటేడు, 1801లో, ఇప్పటి కర్నూలు జిల్లా తెర్నేకల్లులో శిస్తు దగ్గర ఎదురు తిరిగిన ఊరి మీదికి కంపెనీ ఫిరంగులు పంపింది. ముత్తుకూరి గౌడప్ప పేరు ఆ వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కథ చెప్పడానికి మాలో ఎవరికీ నోరు తడబడదు. ఊరిమీద పడి చంపారని సూటిగా అంటాం, కాల్పనిక దేశం అక్కర్లేదు. ఎందుకంటే సైనికుడు తెల్లవాడు. వియత్నాంలో మైలై గురించి తెలుగులో కవిత్వం రాశాం. గాజా మీద రాస్తున్నాం, రాయాలి. 2004లో మణిపూరు తల్లులు పన్నెండుమంది సైన్యం గేటు ముందు బట్టలు విప్పి నిలబడితే తెలుగు స్త్రీవాదం చలించిపోయింది. ఇంఫాల్ అంత దూరంలో ఉన్నా చలించాం. కర్నూలు నుంచి తుంగభద్ర దాటితే అలంపురం, అక్కణ్నుంచి నిజాం రాజ్యం. నది వెడల్పు ఎంత? ఎండాకాలంలో నడిచి దాటేవాళ్లు. ఆ నది ఇవతల పుట్టినందువల్ల మా ఊరి దూదేకులవాళ్ల తాతలు బతికారు. అవతల పుట్టి ఉంటే ఏమయ్యేవారో ఊహించడానికి పేరులేని దేశం దాకా వెళ్లక్కర్లేదు.

ఆ ఇంటి పెద్దమ్మ నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఉగాదినాడు దేవుని కడపకు వెళ్లి వెంకటేశ్వరస్వామికి టెంకాయ కొట్టేవాళ్లలో ఆమె ఒకరు, బీబీ నాంచారి మొగుడని స్వామిని అల్లుడి వరస పెట్టి పిలుస్తుంది. నేను చదువుతున్నదేమిటో ఒకసారి చెప్పాను. చాటలో బియ్యం ఏరుతా విన్నది. తలెత్తలేదు. "అవన్నీ యెందుకు తవ్వేది పాపా? నువ్వు రాసి హైదరాబాదుకు పోతావు. మేము ఈడనే బతకల్ల" అన్నది.

ఈ మాటకు నా దగ్గర గట్టి జవాబు లేదు. ఉందని చెప్తే ఆమెను మళ్లీ ఒక ఉదాహరణగా వాడుకున్నట్టే. కాని ఆ మాటను మన మౌనానికి సాకుగా వాడుకోవడం అంతకంటే ఘోరం. ఆమె భయం ఎక్కడిది? 1948 గురించి ఆమె ఏ పుస్తకమూ చదవలేదు. మా ఊరికి పక్కనే ఉన్న వేంపల్లె నుంచి వచ్చిన షరీఫ్ ‘జుమ్మా’ కథ రాశాడు. నమాజుకు పొమ్మని కొడుకు వెంటపడే తల్లి, 2007లో మక్కా మసీదులో బాంబు పేలాక, శుక్రవారం మసీదుకు పోవద్దంటుంది. ఆ తల్లి భయమూ ఈ పెద్దమ్మ భయమూ ఒక్కరోజులో పుట్టినవి కావు. జరిగింది జరిగిందని ఒప్పుకోని చోట భయం ఆస్తిలాగా తల్లి నుంచి కూతురికి వస్తుంది. తవ్వితే ఆమెకు కష్టం, నిజమే. తవ్వకపోతే కష్టం లేదని ఆమె అనలేదు.

పాతకథ కదా అనేవాళ్లకు వాకపల్లి గుర్తుచేస్తాను. 2007 ఆగస్టు 20న విశాఖ ఏజెన్సీలోని ఆ ఊరికి గ్రేహౌండ్స్ పోలీసులు కూంబింగుకు వచ్చారు. తమమీద అత్యాచారం జరిగిందని పదకొండుమంది కోందు స్త్రీలు చెప్పారు. పదహారేళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నం ప్రత్యేక కోర్టు నిందితులైన పదమూడుమంది పోలీసులనూ విడుదల చేసింది. దర్యాప్తు సరిగ్గా చేయలేదని చెప్పి, ఆ స్త్రీలకు నష్టపరిహారం ఇమ్మంది. నేరం రుజువు కాలేదు గాని పరిహారం ఇవ్వండి. ఈ తీర్పును మన పత్రికల్లో ఎంతమంది చదివారో నాకు అనుమానమే. అక్కడ కూడా పోలీసు చర్యే. ఈసారి నిజంగానే పోలీసులు. వాకపల్లి ఆడవాళ్ల వెంట మన సంఘాలు నిలబడ్డాయి, అది మనం గర్వపడాల్సిన పని. వాళ్ల మాటను రుజువులు అడగకుండా ముందు నమ్మాం. అదే నమ్మకం ఆ బావుల దగ్గర ఎందుకు లేదంటే, అక్కడ వచ్చిన సైన్యం మనల్ని విడిపించిన సైన్యం. విడిపించినవాడు చంపడని మన నమ్మకం. తెలంగాణ పల్లెల్లో వాళ్లకు పూలదండలు వేసి ఎదురెళ్లిన జనం నిజం. ఆ దండలు వాడకముందే పక్కవీధిలో తలుపులు పగిలిన చోట్లున్నాయి, అదీ నిజం. దండ వేసిన ఆమెను నేను తప్పుపట్టను. పక్కవీధి చప్పుడు ఆమె విన్నదా అని మాత్రం అడగాలనుంది.

అందుకని ఒక పని అడుగుతున్నాను, అదీ ఈ పత్రిక చదివే పరిశోధకులను, విశ్వవిద్యాలయాల్లో పిల్లలకు అంశాలు ఇచ్చే గైడులను. స్త్రీవాద కవిత్వంలో శిల్పం మీద, ఫలానా రచయిత్రి నవలల్లో పాత్రచిత్రణ మీద ఇంకో పదేళ్లు ఆగి రాయించినా కొంప మునగదు. మెదక్, నల్లగొండ పాతజిల్లాల్లో తిరగడానికి ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన అమ్మాయిలు కావాలి. ముస్లిం ఇళ్లకు మాత్రమే పోతే చాలదు, దండలు వేసిన ఇళ్లకూ, బిందెలు వచ్చిన ఇళ్లకూ పోవాలి. పేర్లు మార్చి రాయండి, చెప్పనన్నవాళ్లను వదిలేయండి, ఊరి పేరు మాత్రం మార్చకండి. 1948 సెప్టెంబరులో పదేళ్ల పిల్లలుగా ఉన్న ఆడవాళ్లు ఇప్పుడు తొంభైకి దగ్గరలో ఉన్నారు. చెవులు వినబడని వాళ్లు కొందరు. పోయిన ఏడాది వెళ్లి ఉంటే దొరికేవాళ్లు ఈ ఏడాది దొరకరు.